రీఫ్ అక్వేరియానికి తక్కువ కరెంటుతో నడిచే రిటర్న్ పంపును ఎంచుకోవడం ఎలా?

ఇంట్లో సముద్రపు నీటిలో పగడాలను పెంచే రీఫ్ ట్యాంకులో లైట్లు రోజుకు ఎనిమిదో పదో గంటలు వెలిగి ఆరిపోతాయి, హీటరు నీరు చల్లబడినప్పుడే పనిచేస్తుంది. సంప్ అనే కింది తొట్టిలోని నీటిని పై ట్యాంకుకు తిరిగి ఎక్కించే రిటర్న్ పంపుకు మాత్రం విరామం లేదు. ఏడాదిలోని 8,760 గంటలూ అది నడుస్తూనే ఉండాలి. అందువల్ల పంపు తీసుకునే ప్రతి వాటూ ఏడాది తిరిగేసరికి 8.76 యూనిట్లు అవుతుంది. 60 వాట్ల పంపు చేస్తున్న పనిని 30 వాట్ల పంపుతో చేయించగలిగితే ఏటా సుమారు 263 యూనిట్ల కరెంటు మిగులుతుంది.

పంపు కొనేటప్పుడు చాలామంది మొదట పెట్టె మీది వాట్ల అంకెను చూస్తారు. నేనూ చాలాకాలం అదే చేశాను. రెండు మూడు పంపులు మార్చి, ప్రతిదాన్నీ మీటరు పెట్టి కొలిచాక నాకు అర్థమైనది ఏమిటంటే, ఆదాలో పెద్ద భాగం పంపును ఎంచుకోకముందే నిర్ణయమైపోతుంది. గంటకు ఎంత నీరు, ఎంత ఎత్తుకు, ఎంత లావు పైపులోంచి ఎక్కాలన్న మూడు విషయాలను ముందుగా సరిచేసుకుంటే, ఆ తరువాత చిన్న పంపే సరిపోతుంది. అందుకే ఈ మార్గదర్శిలో పంపు ప్రస్తావన నాలుగో మెట్టులో గాని రాదు.

మొదటి మెట్టు: ఎంత నీరు తిరగాలో తేల్చుకోవడం

రిటర్న్ పంపు పని ట్యాంకులో అలలు పుట్టించడం కాదు. ట్యాంకు అంచున నీరు పొర్లి దిగే ఓవర్‌ఫ్లో మీదుగా నీటి పైపొరలోని జిడ్డును కిందికి దించి, ఆ నీటిని మలినాలను నురుగుగా తీసే స్కిమ్మర్, హీటర్ వంటి పరికరాలున్న సంప్‌లోంచి నడిపించి, మళ్లీ పైకి చేర్చడమే దాని పని. పగడాలకు కావలసిన బలమైన ప్రవాహాన్ని ఇవ్వడానికి ట్యాంకు లోపలే అమర్చే వేవ్‌మేకర్లనే చిన్న పంపులు ఉన్నాయి. అవి నీటిని ఏ ఎత్తుకూ ఎత్తవు, ఉన్నచోటే నెడతాయి. కాబట్టి కొద్ది వాట్లతోనే గంటకు వేల లీటర్లు కదిలించగలవు. అదే ప్రవాహాన్ని సంప్ నుంచి మీటరున్నర ఎత్తుకు ఎక్కించి సాధించాలనుకోవడం కరెంటును నీళ్లలో పోయడమే.

గంటకు ట్యాంకు పరిమాణానికి 10 రెట్ల నీరు సంప్ గుండా తిరగాలన్న సలహా ఇప్పటికీ వినిపిస్తుంది. ట్యాంకులోని ప్రవాహానికి కూడా రిటర్న్ పంపే ఆధారమైనప్పుడు ఆ సలహాకు అర్థం ఉండేది. వేవ్‌మేకర్లు ఉన్న ట్యాంకుకు గంటకు 3 నుంచి 5 రెట్లు చాలు. 120 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు ఉన్న ట్యాంకులో సుమారు 300 లీటర్లు పడతాయి. దానికి 5 రెట్లు లెక్కగట్టినా గంటకు 1,500 లీటర్లే. ఇకపై ఈ ట్యాంకునే ఉదాహరణగా తీసుకుందాం.

రాళ్లు, ఇసుక ఆక్రమించిన చోటును తీసివేస్తే అసలు నీరు ఇంకా తక్కువే ఉంటుంది గాని, ఆ తేడాను లెక్కలో వదిలేయండి. పంపు పాతబడినప్పుడు అది మీకు కొంత వెసులుబాటు ఇస్తుంది.

రెండో మెట్టు: నిలువు ఎత్తును సరిగా కొలవడం

ఇక్కడ చాలామంది పొరపడతారు. పంపు సంప్ అడుగున ఉంది కాబట్టి అక్కడి నుంచి కొలవాలని అనుకుంటారు. పంపు పైన నిలిచి ఉన్న నీరు తన ఒత్తిడితో పంపుకు సాయపడుతుంది. కాబట్టి కొలవవలసినది సంప్‌లో పంపు ఉన్న అర నీటిమట్టం నుంచి, పై ట్యాంకు నీటిమట్టం వరకు. పంపును మరో పది సెంటీమీటర్లు లోతుకు దించినా, పైకి జరిపినా ఈ ఎత్తు మారదు. పైన రిటర్న్ మూతి నీటిలో మునిగి ఉంటేనే ఈ కొలత చెల్లుతుంది. నీటిమట్టానికి పది సెంటీమీటర్ల పైనుంచి నీరు ధారగా పడుతుంటే ఆ పది సెంటీమీటర్లూ వృథాగా ఎత్తినట్టే.

ట్యాంకు స్టాండు ఇంకా తయారు కాకముందే మీరు దీన్ని చదువుతుంటే మీ చేతిలో మంచి అవకాశం ఉంది. స్కిమ్మర్ కప్పును పైకి తీసి శుభ్రం చేయడానికి చోటు మిగిలేటట్టు చూసుకుని, సంప్‌ను నేల మీద కాకుండా గట్టి పీట మీద 15 సెంటీమీటర్లు ఎత్తి పెడితే, ఆ 15 సెంటీమీటర్ల ఖర్చు ట్యాంకు ఉన్నన్నాళ్లూ తప్పుతుంది. దీనికి పెట్టే ఖర్చు ఒక్కసారితో పోతుంది. అయితే సంప్ నిండా నీరున్నప్పుడు దాని బరువు వంద కిలోలకు మించవచ్చు కాబట్టి పీట విషయంలో రాజీపడకండి.

మన ఉదాహరణలో నిలువు ఎత్తు 1.3 మీటర్లు అనుకుందాం.

మూడో మెట్టు: పైపు లావు, మలుపులు

నీరు పైపు గోడలను రాసుకుంటూ, మలుపుల్లో తిరుగుతూ పోయేటప్పుడు కొంత ఒత్తిడి పోతుంది. ఈ రాపిడి నష్టాన్ని కూడా మీటర్లలోనే లెక్కగట్టి నిలువు ఎత్తుకు కలుపుతారు. ఆ రెండూ కలిస్తే వచ్చేదే పంపు నిజంగా ఎదుర్కొనే మొత్తం హెడ్. నీటి పరిమాణం రెట్టింపైతే రాపిడి నష్టం ఇంచుమించు నాలుగు రెట్లవుతుంది. పైపు లోపలి వ్యాసం 25 నుంచి 20 మిల్లీమీటర్లకు తగ్గితే, అదే ప్రవాహానికి అదే పొడవు పైపులో నష్టం మూడు రెట్లకు చేరుతుంది. చూడడానికి చిన్నదిగా కనిపించే 5 మిల్లీమీటర్ల తేడా చేసే పని ఇది.

మన ట్యాంకుకు రెండున్నర మీటర్ల పైపు, ఐదు 90 డిగ్రీల ఎల్బోలు ఉన్నాయనుకుని గంటకు 1,500 లీటర్లకు లెక్కవేస్తే, 20 మిల్లీమీటర్ల పైపులో రాపిడి నష్టం మొత్తం సుమారు 0.75 మీటర్లు వస్తుంది, 25 మిల్లీమీటర్ల పైపులో అది 0.3 మీటర్లకు దిగుతుంది. అంటే మొత్తం హెడ్ మొదటి దానిలో 2.05 మీటర్లు, రెండోదానిలో 1.6 మీటర్లు. ఈ ప్రవాహానికి 32 మిల్లీమీటర్ల పైపు వేస్తే ఇంకో 0.2 మీటర్ల వరకు తగ్గవచ్చు గాని, లావు పైపుకు, దాని ఫిట్టింగులకు క్యాబినెట్‌లో చోటు దొరకడం కష్టం. గంటకు 2,500 లీటర్లు దాటినప్పుడు మాత్రం ఆ కష్టం పడడం మంచిది.

పై లెక్కలో నష్టంలో సగానికి పైగా ఎల్బోలదే అన్న సంగతి గమనించదగినది. రెండు 90 డిగ్రీల ఎల్బోల బదులు పైపును మెల్లగా వంచి తీసుకుపోవడం, లేదా 45 డిగ్రీల ముక్కలు వాడడం వల్ల కనిపించని ఆదా జరుగుతుంది. పంపు మూతి సన్నగా ఉందని పైపునంతా సన్నగా వేయవలసిన పని లేదు. మూతి దాటిన వెంటనే అడాప్టరుతో లావు పైపులోకి మార్చుకోవచ్చు. పంపు నీటిని పీల్చుకునే వైపు స్పాంజి తొడగడం మరో అలవాటు. అది వారానికే మూసుకుపోయి పంపు గొంతు నొక్కేస్తుంది కాబట్టి, స్పాంజి కావాలనుకుంటే సంప్ అరల మధ్య పెట్టండి, పంపుకు తొడగకండి.

నాలుగో మెట్టు: అవసరాన్ని వాట్లలోకి మార్చి, గ్రాఫు చదవడం

సముద్రపు నీటిని ఎత్తడానికి కావలసిన కనీస శక్తిని కాగితం మీదే లెక్కవేయవచ్చు. గంటకు లీటర్లను మొత్తం హెడ్ మీటర్లతో గుణించి 358తో భాగిస్తే వాట్లు వస్తాయి. మన ఉదాహరణలో 1,500ను 1.6తో గుణించి 358తో భాగిస్తే సుమారు 6.7 వాట్లు. ఇది నీటికి చేరవలసిన శక్తి మాత్రమే. ఇంటి అక్వేరియాలకు వాడే చిన్న పంపుల్లో గోడ సాకెట్టు నుంచి తీసుకున్న కరెంటులో పావు వంతు నీటికి చేరితే మంచి పంపు కిందే లెక్క. కాబట్టి మనం ఆశించదగిన వాడకం 27 వాట్ల చుట్టూ ఉంటుంది. అదే 20 మిల్లీమీటర్ల పైపుతో అయితే 34 వాట్లు అయ్యేది. ఒక్క పైపు మార్పుతో ఏటా సుమారు 65 యూనిట్లు మిగిలాయన్నమాట.

ఇదే 25 మిల్లీమీటర్ల పైపులో ప్రవాహాన్ని 10 రెట్లకు, అంటే గంటకు 3,000 లీటర్లకు పెంచాలనుకుంటే ఏమవుతుందో కూడా చూడండి. రాపిడి నష్టం 0.3 నుంచి సుమారు 1.1 మీటర్లకు ఎక్కి, మొత్తం హెడ్ 2.4 మీటర్లవుతుంది, నీటికి చేరవలసిన శక్తి 20 వాట్లు, సాకెట్టు దగ్గర 80 వాట్లు. నీరు రెట్టింపు చేసినందుకు కరెంటు మూడు రెట్లయింది. మొదటి మెట్టులో నేను అంతగా పట్టుబట్టింది ఇందుకే.

ఇప్పుడు పంపు పెట్టెను చేతిలోకి తీసుకోవచ్చు. దాని మీద గరిష్ఠ ప్రవాహం, గరిష్ఠ ఎత్తు అని రెండు అంకెలు ఉంటాయి. ఈ రెండూ ఎన్నడూ ఒకేసారి దొరకవు. గరిష్ఠ ప్రవాహం ఎత్తు సున్నా అయినప్పటిది. గరిష్ఠ ఎత్తు దగ్గర నీరు పైపులో నిలబడిపోతుంది గాని ఒక్క చుక్క కూడా బయటికి రాదు. మీకు కావలసినది ఆ రెంటి మధ్య గీసిన గ్రాఫు. తయారీదారు గ్రాఫు ఇవ్వకపోతే ఆ పంపును పక్కన పెట్టడమే నా సలహా.

గ్రాఫు ఎందుకు అంత ముఖ్యమో రెండు ఊహా పంపులతో చూపిస్తాను. మొదటిది గంటకు 3,000 లీటర్లు, గరిష్ఠ ఎత్తు 1.8 మీటర్లు, 25 వాట్లు. రెండోది గంటకు 2,500 లీటర్లు, గరిష్ఠ ఎత్తు 3.2 మీటర్లు, 30 వాట్లు. పెట్టె మీది అంకెలు చూసినవారెవరైనా ఎక్కువ నీరు, తక్కువ కరెంటు అని మొదటిదాన్నే తీసుకుంటారు. మనకు కావలసిన 1.6 మీటర్ల దగ్గర గ్రాఫు చదివితే మొదటి పంపు గంటకు 1,000 లీటర్ల దగ్గరే ఆయాసపడుతుంది, రెండోది 1,750 దాకా ఇస్తుంది. వెయ్యి లీటర్లకు లెక్కగడితే మొదటిది 25 వాట్లు, రెండోది 17 వాట్లు. అసలైన పొదుపరి రెండోదే.

కాబట్టి ప్రతి పంపుకూ మీ మొత్తం హెడ్ దగ్గర ప్రవాహాన్ని గ్రాఫులో చదివి, వెయ్యి లీటర్లకు ఎన్ని వాట్లో రాసుకుని, ఆ అంకెనే పోల్చండి. మీ బిందువు గ్రాఫు మధ్య భాగంలో పడాలి. రెండు చివరల్లో ఏ పంపైనా కరెంటును దండగ చేస్తుంది. కావలసినదానికంటే 15, 20 శాతం ఎక్కువ ఇచ్చే పంపు అయితే, కొన్ని నెలల్లో పేరుకునే సున్నపు పొరను తట్టుకుంటుంది. అంతకుమించి పెద్దది అక్కర్లేదు.

గ్రాఫు మీది పౌనఃపున్యాన్ని కూడా ఒకసారి చూడండి. సాకెట్టు కరెంటుతో నేరుగా నడిచే ఏసీ పంపు వేగం కరెంటు సరఫరా పౌనఃపున్యంతో ముడిపడి ఉంటుంది. 60 హెర్ట్జ్ దగ్గర గీసిన గ్రాఫును 50 హెర్ట్జ్ సరఫరా ఉన్నచోట నమ్ముకుంటే, ప్రవాహం ఆరింట ఐదు వంతులకు, గరిష్ఠ ఎత్తు సుమారు 70 శాతానికి తగ్గిపోతుంది.

ఐదో మెట్టు: ఏసీనా, డీసీనా?

ఏసీ పంపు ఒకే వేగంతో తిరుగుతుంది. ప్రవాహం ఎక్కువైతే దాన్ని తగ్గించడానికి పైపులో వాల్వు మూయడం తప్ప దారి లేదు. నేను ఒకప్పుడు అవసరానికి రెట్టింపు ఏసీ పంపు కొని, వాల్వును సగం మూసి, కరెంటు కూడా సగమై ఉంటుందని ధీమాగా ఉన్నాను. మీటరు పెట్టి చూస్తే వాల్వు పూర్తిగా తెరిచినప్పుడు 58 వాట్లు, సగం మూసినప్పుడు 51 వాట్లు. మిగిలిన శక్తంతా వాల్వు దగ్గర నీటిని పిండడానికి, సంప్‌ను వేడెక్కించడానికి ఖర్చవుతోంది.

అడాప్టరు ద్వారా నడిచే డీసీ పంపుకు కంట్రోలరు ఉంటుంది. దానితో మోటారు వేగాన్నే తగ్గించవచ్చు. వేగం తగ్గితే ప్రవాహం అదే నిష్పత్తిలో, ఎత్తే సామర్థ్యం వేగం వర్గంగా, శక్తి ఘనంగా తగ్గుతాయి. వేగాన్ని 80 శాతానికి దించితే శక్తి సూత్రం ప్రకారం 51 శాతానికి వస్తుంది. నిలువు ఎత్తు మాత్రం మారదు కాబట్టి ఇంట్లో లెక్క అంత నున్నగా నడవదు. గరిష్ఠ ఎత్తు 4 మీటర్లున్న పంపు 57 శాతం వేగం దగ్గర 1.3 మీటర్లు మాత్రమే ఎత్తగలదు. మన ట్యాంకులో ఆ వేగం దగ్గరే నీరు పైకి రావడం ఆగిపోతుంది. పంపును సగం వేగంలో పెడితే సగం నీరు వస్తుందనుకోవడం ఈ కారణం చేతనే తప్పు. కావలసిన ప్రవాహం 75 నుంచి 85 శాతం వేగం మధ్య దొరికే పంపును ఎంచుకుంటే, ఆదా ఉంటుంది, పంపు మురికిపట్టినప్పుడు పెంచుకోవడానికి చోటూ ఉంటుంది.

నా అభిప్రాయంలో ప్రవాహాన్ని తరచుగా మార్చేవారికి, భవిష్యత్తులో పైపుల అమరిక మారవచ్చునని అనుకునేవారికి డీసీ పంపే మేలు. గ్రాఫు మీ అవసరానికి అచ్చంగా సరిపోయే మంచి ఏసీ పంపు దొరికితే దాన్ని తీసుకోవడంలోనూ నష్టం లేదు. అందులో పాడవడానికి కంట్రోలరు, అడాప్టరు ఉండవు, ఏళ్ల తరబడి మౌనంగా నడుస్తుంది. డీసీ పంపు కొంటే కంట్రోలరు విడిగా దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి. కరెంటు పోయి వచ్చినప్పుడు పంపు పాత వేగంతో తనంతట తానే మొదలవుతుందా అన్నది కూడా తప్పక అడగవలసిన ప్రశ్న.

ఆరో మెట్టు: వేడి, ఉప్పు, భద్రత

నీటిలో మునిగి ఉండే పంపు తీసుకున్న కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగా నీటిలోనే చేరుతుంది. 30 వాట్ల పంపు రోజంతా ఇచ్చే వేడి, ఎటూ పోకుండా నిలిస్తే, 200 లీటర్ల నీటిని మూడు డిగ్రీల సెల్సియస్ వరకు పెంచగలదు. చలి ప్రాంతంలో ఆ మేరకు హీటరు విశ్రాంతి తీసుకుంటుంది. వేడి ప్రాంతంలో మాత్రం ఆ వేడిని తోడిపోయడానికి నీటిని చల్లబరిచే చిల్లరు మళ్లీ కరెంటు తినాలి, అంటే పంపులో ఆదా చేసిన ప్రతి వాటూ అక్కడ మరికొంత ఆదాను వెంటబెట్టుకు వస్తుంది.

సముద్రపు నీటికి పనికివస్తుందని స్పష్టంగా రాసి ఉన్న పంపునే కొనండి. ఇరుసు సిరామిక్‌ది అయి ఉండాలి, నీటికి తగిలే చోట లోహం ఉండకూడదు. ముఖ్యంగా రాగి రొయ్యలకు, పగడాలకు విషం. వైరు సాకెట్టు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేటట్టు అమర్చి, కరెంటు లీకైతే వెంటనే తెగే బ్రేకరు మీద పంపును నడపండి.

పంపు ఆగినప్పుడు పై ట్యాంకులోని నీరు రిటర్న్ పైపు గుండా వెనక్కి సంప్‌లోకి దిగుతుంది. రిటర్న్ మూతి నీటిమట్టానికి 3 సెంటీమీటర్ల కింద ఉంటే మన ట్యాంకులో 18 లీటర్లు దిగుతాయి. మూతి 15 సెంటీమీటర్ల కింద ఉంటే 90 లీటర్లు, ఆ నీరు నేల మీదికి వస్తుంది. కాబట్టి మూతిని నీటిమట్టానికి దగ్గరగా ఉంచి, మట్టానికి కాస్త కింద పైపుకు చిన్న గాలి రంధ్రం పెట్టండి. వెనక్కి రానివ్వని చెక్ వాల్వును నమ్ముకోవద్దు; ఉప్పు, సున్నం పేరుకుని అది ఒకరోజు సగం తెరుచుకునే ఉండిపోతుంది. పైగా నడిచినన్నాళ్లూ అది రాపిడి నష్టాన్ని పెంచుతుంది.

ఏడో మెట్టు: బిగించాక కొలవడం

కాగితం మీది లెక్క నిజమో కాదో తేల్చడానికి రెండు పరికరాలు చాలు. ఒకటి సాకెట్టుకూ ప్లగ్గుకూ మధ్య పెట్టే వాట్ మీటరు. రెండోది కొలత గీతలున్న 10 లీటర్ల బకెట్టు. డీసీ పంపును అడాప్టరుతో సహా గోడ దగ్గరే కొలవాలి, ఎందుకంటే అడాప్టరు తినే వాట్లు పంపు పెట్టె మీద కనిపించకపోవచ్చు. ఏసీ పంపుల్లో వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చే అంకె అసలు వాడకం కంటే ఎక్కువగా ఉంటుంది. మీటరులో వాట్లను చూపే అంకెనే చదవండి.

ప్రవాహాన్ని కొలవడానికి పంపును కాసేపు నడిపి మట్టాలు నిలకడ పడ్డాక, ఓవర్‌ఫ్లో నుంచి సంప్‌లోకి దిగే పైపు కింద బకెట్టు పెట్టండి. పైకి ఎంత ఎక్కుతుందో కిందికి అంతే దిగుతుంది కాబట్టి, బకెట్టు నిండిన సమయమే రిటర్న్ ప్రవాహాన్ని చెబుతుంది. 10 లీటర్లు 24 సెకన్లలో నిండితే గంటకు 1,500 లీటర్లు. 18 సెకన్లలో నిండితే 2,000. బకెట్టు నిండేలోపు పంపు ఉన్న అరలో నీరు అడుగంటకుండా చూసుకోండి, లేకపోతే పంపు గాలి పీల్చుకుంటుంది. మూడుసార్లు కొలిచి సగటు తీసుకుని, ఆ రోజు తేదీ, సెకన్లు, వాట్లు క్యాబినెట్ తలుపు లోపలివైపు అంటించిన కాగితం మీద రాయండి. ఆ తరువాత పంపును ఒకసారి ఆపి, సంప్ పొర్లకుండా నీరంతా సర్దుకుంటుందో లేదో కళ్లారా చూడండి.

కొలిచిన ప్రవాహం కావలసినదానికంటే ఎక్కువగా ఉంటే డీసీ పంపు వేగాన్ని ఒక్కో మెట్టు దించుతూ, ప్రతిసారీ వాట్లు చదవండి. నీటి పైపొర శుభ్రంగా ఉండి, ట్యాంకుకూ సంప్‌కూ ఉష్ణోగ్రతలో తేడా లేనంతవరకు దించడానికి సందేహించనక్కర్లేదు.

ఎనిమిదో మెట్టు: ఆ అంకెలను నిలబెట్టుకోవడం

రీఫ్ ట్యాంకు నీటిలో కాల్షియం సమృద్ధిగా ఉంటుంది. వెచ్చగా తిరిగే పంపు లోపల అది సున్నపు పొరగా గట్టిపడుతుంది. నా పంపులో ఐదు నెలల తరువాత 24 సెకన్ల బకెట్టు నిండడానికి 31 సెకన్లు పట్టింది. అంటే 1,500 కాస్తా 1,160కి దిగింది, మీటరులో వాట్లు మాత్రం కదలలేదు. మూత విప్పి, నీటిని నెట్టే రెక్కల చక్రమైన ఇంపెల్లరును బయటికి లాగితే, దాని రెక్కల అంచుల మీద, అయస్కాంతం చుట్టూ గోటితో గీరినా రాని తెల్లటి పెచ్చు కనిపించింది. తెల్ల వెనిగరును సమానంగా నీటితో కలిపి, ఇంపెల్లరును, పంపు గదిని అందులో నానబెట్టగానే సన్నని బుడగలు లేచాయి. మూడు గంటల తరువాత పాత పళ్ల బ్రష్షుతో తోమి, మంచినీటితో బాగా కడిగి బిగిస్తే బకెట్టు మళ్లీ 25 సెకన్లకు నిండింది.

మూడు నెలలకొకసారి బకెట్టు పరీక్ష చేసి, సమయం మొదటి రోజు కంటే 15 శాతం పెరిగినప్పుడు, అంటే మన లెక్కలో 24 సెకన్లు 28 దాకా వచ్చినప్పుడు, పంపును విప్పి శుభ్రం చేయండి. సిరామిక్ ఇరుసు పెళుసుది కాబట్టి బయటికి తీసేటప్పుడు పక్కకు వంచకుండా నిటారుగా లాగండి. శుభ్రం చేశాక కూడా సమయం తగ్గకపోతే పంపును నిందించే ముందు రిటర్న్ పైపు లోపల చూడండి. గొట్టపు పురుగుల తెల్లని గూళ్లు పైపు గోడలకు పట్టి, 25 మిల్లీమీటర్ల పైపును 20 మిల్లీమీటర్లదిగా మార్చి ఉండవచ్చు.